మెల్‌బోర్న్ దారిలో సింగపూర్‌లో దిగాలా?

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర ఉండే ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి సారాంశమే ఇస్తున్నాను.

ఆమె వయసు నలభై దాటింది. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఇంట్లో ఆరుగురు: ఆమె, భర్త, తొమ్మిదో తరగతి చదివే పాప, ఆరేళ్ల బాబు, అత్తగారు, మామగారు. ఆడపడుచు మెల్‌బోర్న్‌లో ఉంటారు. మే నెలలో ఆవిడ కొడుక్కి మొదటి పుట్టినరోజు, అందరూ వెళ్తున్నారు. ఆస్ట్రేలియా వీసాలు వచ్చేశాయి. మూడు వారాలయ్యాక వీళ్లు నలుగురూ వెనక్కి వచ్చేస్తారు. పెద్దవాళ్లిద్దరూ కూతురి దగ్గర మూడు నెలలు ఉండి వస్తారు.

చిక్కు సింగపూర్ దగ్గర వచ్చింది. "ఎలాగూ దాని మీదుగానే పోతున్నాం, రెండు రాత్రులు దిగితే ఏం పోయింది?" అని భర్త పట్టుబట్టారు. లిస్టు కూడా తయారు చేశారు. శుక్రవారం పొద్దున్నే దిగి, తొమ్మిదింటికి యూనివర్సల్ స్టూడియోస్, రాత్రికి గార్డెన్స్ బై ద బే. శనివారం జూ, ఆ వెంటనే నైట్ సఫారీ, వచ్చి ముస్తఫాలో షాపింగ్. ఆదివారం ఉదయం మళ్లీ విమానం. అత్తగారికి డెబ్బై ఏళ్లు, సుగర్‌కి ఇన్సులిన్ తీసుకుంటారు, మోకాళ్ల నొప్పులు. "నాకు మనవడు కావాలి గానీ సింగపూర్ ఎందుకే" అంటున్నారు. ప్రయాణమంటే ఆవిడ నీళ్లు కూడా తాగరట. మామగారు రిటైరైన సోషల్ టీచరు. ఏదీ అడగని మనిషి. ఒక రోజు మాత్రం "నేతాజీ మాట్లాడిన మైదానం అక్కడే కదమ్మా?" అని అడిగి, మళ్లీ పేపర్లో తల పెట్టుకున్నారట.

"పోయినసారి కాశీ వెళ్లినప్పుడు అందరూ ఫొటోల్లో ఉన్నారు. నేను మందుల సంచితో, పెరుగన్నం డబ్బాతో వెనక నడుస్తూనే ఉన్నాను. ఇప్పుడూ అంతే అవుతుందని చెప్తే 'నీకు అన్నిటికీ భయమే, నీ వల్లే మనం ఎక్కడికీ పోం' అన్నారు. అప్పటి నుంచి మా మధ్య మాటలు తగ్గిపోయాయి. వద్దంటే పిల్లల ఆశ కొట్టినదాన్ని అవుతాను. సరే అంటే ఆ రెండు రోజులు నాకు నరకం. నిజం చెప్పాలంటే నాకూ చూడాలనే ఉంది, ఇంతవరకు దేశం దాటలేదు. ఏజెంటు టికెట్ల కోసం పది రోజులు గడువిచ్చాడు. దిగాలా, వద్దా? ఒక్క మాట చెప్పండి" అని ముగించారు.

ఒక్క మాట చెప్పమన్నారు. నేను దిగమంటే అక్కడ అత్తగారి కాళ్లు వాచినప్పుడు, వద్దంటే ఇక్కడ పిల్లలు అలిగినప్పుడు పడాల్సింది మీరే. అందుకని నాకు తెలిసినవి మీ ముందు పెడతాను. ఏ దారిలో ఏం దక్కుతుందో, ఏం వదులుకోవాలో చూసుకుని మీరే తేల్చుకోండి. నా మొగ్గు ఎటో కూడా దాచను.

మీరు దిగాలా వద్దా అని అడిగారు. ఉత్తరంలో బాధంతా మాత్రం దిగాక పని ఎవరి నెత్తిన పడుతుందన్న దాని గురించే ఉంది. "నీ వల్లే మనం ఎక్కడికీ పోం" అన్న మాట మీవారు అనకూడదు. అది అన్యాయమైన మాట. అయినా ఆ లిస్టు చదువుతుంటే నాకు మీవారి మీద కోపం రాలేదు. అమ్మానాన్నలకీ పిల్లలకీ కలిపి ఒక ఊరు చూపించే అవకాశం మళ్లీ వస్తుందో రాదో అన్న ఆత్రం అందులో కనిపించింది. ఆయన సింగపూర్‌లో చూడాల్సినవి చూస్తున్నారు. మీరు యూనివర్సల్ స్టూడియోస్ క్యూలో మధ్యాహ్నం ఒంటిగంటకి అత్తగారికి ఇన్సులిన్ ఎవరు వేస్తారన్నది చూస్తున్నారు. రెండూ చూడాల్సినవే. ఇద్దరూ ఒకే కాగితం మీద రాసుకోలేదు, అంతే.

మీరు లెక్కల టీచరు కాబట్టి ముందు గంటల లెక్క వేసుకుందాం. శంషాబాద్ నుంచి సింగపూర్‌కి దాదాపు నాలుగున్నర గంటలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి పదకొండింటి ప్రాంతంలో బయల్దేరే విమానం ఎక్కితే అక్కడ ఉదయం ఆరింటికి దిగుతారు. ఎయిర్‌పోర్టులో మూడు గంటల ముందు ఉండాలి. ఈసీఐఎల్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లినా గంట పైనే. అంటే సాయంత్రం ఆరున్నరకే ఇంటికి తాళం వేస్తారు. సింగపూర్‌లో ఆరయ్యేసరికి మన ఒంటికి తెల్లవారుజాము మూడున్నర. అప్పటికి తొమ్మిది గంటలుగా అత్తగారు కాళ్లు చాపలేదు, బాబు సరిగ్గా నిద్రపోలేదు.

అలాంటి ఆరుగురిని తొమ్మిదింటికి యూనివర్సల్ స్టూడియోస్ గేటు దగ్గర నిలబెట్టాలని మీవారి లిస్టు చెప్తోంది. అది ఎండలో రోజంతా నడిచే చోటు. పోనీ ముందు హోటల్‌కి వెళ్దామంటే, మామూలుగా గది మధ్యాహ్నం రెండింటికో మూడింటికో గానీ ఇవ్వరు. ఉదయం ఆరింటికి దిగిన కుటుంబాలకి ఎదురయ్యే పెద్ద ఇబ్బంది ఇదే, టికెట్లు కొనేటప్పుడు చాలామందికి తోచదు. సామాను రిసెప్షన్‌లో పడేసి, లాబీ సోఫాలో కునికిపాట్లు పడుతూ ఏడెనిమిది గంటలు గడపాల్సి వస్తుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. ముందు రోజు రాత్రి నుంచే గది బుక్ చేసుకుని, పొద్దున్నే వస్తామని హోటల్‌కి రాసి పెట్టడం ఒకటి. ఒక రాత్రి అద్దె అదనం, కానీ దిగిన గంటన్నరకి అందరూ పక్కల మీద ఉంటారు. రెండోది, చాంగీ ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న జ్యుయెల్ అనే మాల్‌లో యోటెల్‌ఎయిర్ అనే హోటల్ ఉంది, అక్కడ కొన్ని గంటలకి కూడా గది ఇస్తారు. దిగిన రోజు మధ్యాహ్నం వరకు ఏ కార్యక్రమమూ పెట్టుకోకుండా ఉంటే ఈ ప్రయాణంలో సగం గొడవలు పుట్టవు.

ఇక అత్తగారు. "సింగపూర్ ఎందుకే" అన్నదాన్ని మొండితనం కింద కొట్టిపారేయకండి. ప్రయాణంలో ఆవిడ నీళ్లు తాగరని మీరే రాశారు. మన ఇళ్లలో ఆ వయసు ఆడవాళ్లు నీళ్లు మానేస్తున్నారంటే, దాని వెనక బాత్రూం భయం ఉంటుంది. ఎక్కడుంటుందో, శుభ్రంగా ఉంటుందో లేదో, మోకాళ్లతో లేవగలనో లేనో, మగపిల్లాడిని ఎలా అడగాలో అని. పైకి అనలేక నాకు ఊళ్లు అక్కర్లేదు అనేస్తారు. సుగర్ ఉన్న మనిషి విమానంలో అన్ని గంటలు కదలకుండా, నీళ్లు తాగకుండా కూర్చోవడం మంచిది కాదు. కాబట్టి ఈ మాట ఆవిడతో మీరు ఒక్కరే, ఎవరూ లేనప్పుడు ఎత్తండి. విమానంలో నడవా పక్క సీటు, బాత్రూంకి దగ్గర్లో, ముందే తీసుకుందామని చెప్పండి. శంషాబాద్‌లోనూ చాంగీలోనూ వీల్‌చైర్ అడిగి పెట్టించుకోవచ్చు, టికెట్ కొనేటప్పుడే ఏజెంటుకి చెప్పాలి. సింగపూర్ మెట్రో స్టేషన్లలో, మాల్స్‌లో లిఫ్టులు, శుభ్రమైన బాత్రూములు ఉంటాయి. హోటల్ గదిలో టబ్ వద్దని, కిందే నిలబడి స్నానం చేసే షవర్ కావాలని బుకింగ్‌లో రాయించండి. తడి టబ్బులోంచి కాలు ఎత్తి దాటడం ఆ మోకాళ్లకి ప్రమాదం. ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు మీ చేతిసంచిలో పెట్టుకోండి. ఆ మగ్గు ఉందని తెలిస్తే ఆవిడ సగం భయం పోతుంది. ఇవన్నీ విన్నాక కూడా ఆవిడ వద్దంటే, అది నిజమైన వద్దు. అప్పుడు ఆ మాటకి విలువివ్వాలి.

మీ ముందున్న దారులు చూద్దాం.

దిగకుండా వెళ్లిపోవడం మొదటిది. ఉదయం ఆరింటికి దిగి, తొమ్మిది ప్రాంతంలో బయల్దేరే మెల్‌బోర్న్ విమానం పట్టుకుంటే, ఏడున్నర గంటల ప్రయాణం, గడియారం ఇంకో రెండు గంటలు ముందుకి. సాయంత్రం ఆరేడింటికి అక్కడ ఉంటారు. రాత్రి భోజనం ఆడపడుచు ఇంట్లో, నిద్ర అసలు రాత్రి వేళకే. అత్తగారికి ఇదే సుఖమనిపించవచ్చు, ఖర్చూ తక్కువే. పిల్లలు అలుగుతారు. వాళ్లని ఊరుకోబెట్టడానికి జ్యుయెల్ జలపాతం చూపిస్తానని మాట మాత్రం ఇవ్వకండి. 40 మీటర్ల ఎత్తు నుంచి పడే ఆ నీళ్ల దగ్గరికి ఇమ్మిగ్రేషన్ దాటి బయటికి వస్తే గానీ వెళ్లలేరు. మూడో టెర్మినల్‌లో సీతాకోకచిలుకల తోట ఉంది, అది లోపలే. బాబుకి అది చాలు. మామగారి మైదానం మాత్రం ఈ దారిలో పోయినట్టే. ఆయన మళ్లీ అటు వచ్చేది మూడు నెలల తర్వాత, భార్యతో ఇద్దరే. అప్పుడు ఆయన దిగరు, మీరు దిగనివ్వరు కూడా.

ఉదయం దిగి, పగలంతా ఉండి, రాత్రి విమానం ఎక్కడం రెండోది. కాగితం మీద చాలా బాగుంటుంది. 24 గంటలు దాటని విరామం కాబట్టి మామూలుగా పెద్ద పెట్టెలు నేరుగా మెల్‌బోర్న్ వెళ్లిపోతాయి. హోటల్ ఖర్చు ఉండదు. అయిదున్నర గంటల నుంచి 24 గంటల లోపు ఆగే ప్రయాణికులకి చాంగీ వాళ్లు ఉచితంగా బస్సు టూర్ కూడా నడుపుతారు, పెద్దవాళ్లు బస్సులో కూర్చునే ఊరు చూడొచ్చు. కానీ వరసగా రెండు రాత్రులు కుర్చీలో నిద్ర. పాపకీ మీవారికీ ఇది పెద్ద కష్టం కాదు. డెబ్బై ఏళ్ల మోకాళ్లకి, ఆరేళ్ల పిల్లాడికి రెండో రాత్రి చాలా భారం. అక్కడికి చేరాక రెండు రోజులు అత్తగారు పడుకునే ఉంటే, ఆడపడుచు ముందు మాట పడేది ఎవరో మీకు తెలుసు. మీ ఇంటికి ఈ దారి నేను సిఫారసు చేయను.

మూడోది, వెళ్లేటప్పుడే ఒక రాత్రి. శుక్రవారం పొద్దున్న దిగి, శనివారం ఉదయం కాకుండా రాత్రికి బయల్దేరితే రెండు పగళ్లు దొరుకుతాయి, కానీ ఆ రాత్రి మళ్లీ కుర్చీలోనే. శనివారం ఉదయమే బయల్దేరితే ఒకటే పగలు, కానీ ఆ సాయంత్రానికి మెల్‌బోర్న్‌లో ఉంటారు, పడక నిద్ర పోయి లేచినవాళ్లుగా ఉంటారు. ఇంకో లాభం ఉంది. మే నెలలో మెల్‌బోర్న్ మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది. మధ్యలో ఒక రాత్రి ఆగితే ఆ తేడా రెండు విడతల్లో వస్తుంది. ఇన్సులిన్ వేళలు సర్దుకోవడానికి అది కొంత వెసులుబాటు. డాక్టరు దగ్గరికి మూడు ఊళ్ల టైములూ రాసి తీసుకెళ్లి, ఏ రోజు ఏ గంటకి ఎంత వెయ్యాలో కాగితం మీద రాయించుకోండి. తూర్పుకి వెళ్తే రోజు చిన్నదవుతుంది, సొంత లెక్కతో డోసు మార్చకండి.

నాలుగోది మీవారి రెండు రాత్రులు. డబ్బూ ఓపికా ఉంటే ఇందులో తప్పేం లేదు, ఆ లిస్టుతో మాత్రం కుదరదు. జూ, నైట్ సఫారీ రెండూ ఊరికి దూరంగా ఉత్తరాన ఉంటాయి. నైట్ సఫారీ మొదలయ్యేదే రాత్రి ఏడు దాటాక. ఆ సమయానికి బాబు ఎవరో ఒకరి భుజం మీద నిద్రపోతాడు. ఆ భుజం ఎవరిదో ముందే రాసుకోండి.

అయిదోది తిరుగు ప్రయాణంలో దిగడం. అప్పుడు మీరు నలుగురే. యూనివర్సల్ స్టూడియోస్, జూ ఏదైనా పెట్టుకోవచ్చు, ఎవరి మోకాళ్ల గురించీ బెంగ లేదు. అత్తగారు దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా మనవడి దగ్గరికి వెళ్తారు. పిల్లలకి ఇదే అన్నిటికంటే ఆనందం. కాకపోతే సెలవులు అయిపోయే సమయం, స్కూళ్లు తెరిచే హడావిడి మీకు టీచరుగా కూడా ఉంటుంది. అత్తగారితో మామగారు మెల్‌బోర్న్‌లో ఉండిపోతారు.

ఆయన గురించి కొంచెం ఎక్కువ రాయాలనిపిస్తోంది. ఏదీ అడగని మనిషి అని మీరు రాశారు. కానీ అడిగారు కదమ్మా. 1943 జూలై 5న పడాంగ్ మైదానంలో ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికుల ముందు నిలబడి నేతాజీ 'చలో దిల్లీ' అని పిలుపునిచ్చారు. అదే సంవత్సరం అక్టోబర్ 21న అదే ఊళ్లో, క్యాథే భవనంలో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. ఆ మైదానం ఇప్పటికీ పచ్చగా, ఊరి నడిబొడ్డున ఉంది. దాన్ని ఆనుకుని ఎస్ప్లనేడ్ పార్కు. 1945లో అక్కడ ఫౌజ్ అమరులకి స్మారకం కట్టారు. బ్రిటిష్ వాళ్లు తిరిగి రాగానే దాన్ని పడగొట్టేశారు. 1995లో సింగపూర్ వాళ్లు ఆ చోట ఒక గుర్తు నిలబెట్టారు. ఇన్నేళ్లు పిల్లలకి ఈ పాఠం చెప్పిన మనిషి ఆ గడ్డి మీద నిలబడాలనుకోవడం చిన్న కోరిక కాదు. దానికి టికెట్టు లేదు, క్యూ లేదు, మెట్లు లేవు. గంట చాలు. అక్కడి నుంచి వంతెన దాటితే పిల్లలు ఫొటో దిగాలనుకునే మెర్‌లయన్ బొమ్మ, సింహం తల, చేప ఒళ్లు ఉన్నది. మీవారి లిస్టులో ఇది లేకపోవడం నాకు బాధ కలిగించింది. ఆయనకి ఈ సంగతి తెలియకపోయి ఉండొచ్చు. మామగారు మిమ్మల్ని అడిగారు కాబట్టి, మీరే మీవారికి చెప్పండి. మొత్తం చర్చ అక్కడి నుంచి మొదలైతే మీ ఇద్దరి మధ్య మాటలు కూడా సులువుగా కలుస్తాయి.

నా మొగ్గు మూడో దారి వైపు. వెళ్లేటప్పుడు ఒక రాత్రి, ఆరుగురూ కలిసి, అత్తగారు మనస్ఫూర్తిగా సరే అంటేనే. ఉదయం దిగి గదిలో నిద్ర. సాయంత్రం నాలుగు దాటాక, ఎండ తగ్గాక పడాంగ్. చీకటి పడ్డాక గార్డెన్స్ బై ద బే తోటలో చెట్ల ఆకారంలో కట్టిన పెద్ద కట్టడాల మీద దీపాల ప్రదర్శన, రోజూ 7:45కి ఒకటి, 8:45కి ఒకటి ఉంటాయి, ఉచితం. మొదటిది చూసి వచ్చేయండి. అంతే, ఆ రోజుకి ఇంకేమీ వద్దు. మీవారికి ఇది మరీ తక్కువనిపిస్తుంది. రెండు రాత్రులే కావాలంటే శనివారం అత్తగారికి ఇవ్వండి. లిటిల్ ఇండియాలో గది తీసుకుంటే సెరంగూన్ రోడ్డులోనే శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. శనివారం పొద్దున్నే వెంకటేశ్వరస్వామి దర్శనం ఉందంటే ఆవిడ మాట మారినా మారొచ్చు. మధ్యాహ్నం గుడి మూస్తారు కాబట్టి ఉదయమే వెళ్లాలి. ఆ రోడ్డులోనే ఇడ్లీ, పెరుగన్నం దొరికే శాకాహార హోటళ్లున్నాయి, కోమల విలాస్ 1947 నుంచీ ఉంది. మీరు డబ్బాలో పెరుగన్నం కలిపి మోయక్కర్లేదు. మీవారి ముస్తఫా కూడా నడిచే దూరంలోనే.

ఇప్పుడు మీ సంగతి. ఏ దారి ఎంచుకున్నా పనులు పంచుకోకపోతే కాశీయే మళ్లీ వస్తుంది. గొడవగా కాకుండా, లిస్టు లాగే పెట్టండి. మీవారు చూడాల్సిన చోట్ల లిస్టు రాశారు, మీరు చేయాల్సిన పనుల లిస్టు రాయండి. అత్తగారి ఇన్సులిన్ పౌచ్, సూదులు, గ్లూకోజ్ బిస్కెట్లు. ఆరు పాస్‌పోర్టులు. బాబుని బాత్రూంకి తీసుకెళ్లడం. అత్తగారితో పాటు నెమ్మదిగా నడవడం. పెట్టెల లెక్క. టాక్సీ పిలవడం. ప్రతి పని పక్కనా ఒక పేరు. "మీరు అడిగిన ఊరికి నేను సరే. అక్కడున్నంతసేపు అత్తయ్య మందుల సంచి మీ భుజాన ఉంటుంది, నాకు ఒక సాయంత్రం రెండు గంటలు ఎవరూ ఏమీ అడగకూడదు" అని చెప్పండి. ఇది బేరం అనుకోకండి, మీకు రావాల్సిందే. తొమ్మిదో తరగతి పాపకి మెట్రో దారులు, టైములు అప్పజెప్పండి, ఆ వయసు పిల్లలు ఫోన్లో మనకంటే బాగా చూస్తారు. మీవారు ఆ కాగితం చూసి వెనక్కి తగ్గితే, దిగకుండా వెళ్లిపోవడమే మంచిది. అప్పుడు మీ భయం వల్ల ఆగిపోయిందని ఎవరూ అనలేరు.

టికెట్లు, వీసాల దగ్గర కొన్ని జాగ్రత్తలు. సింగపూర్‌లో బయటికి రావాలంటే మనకి వీసా కావాలి. దరఖాస్తుకి ఒక్కొక్కరికి 30 సింగపూర్ డాలర్లు, అంటే ఆరుగురికి 180, ఏజెంటు ఛార్జీ వేరు. ఆస్ట్రేలియా వీసా ఉన్న భారతీయులకి 96 గంటల వరకు వీసా లేకుండా దిగే సదుపాయం ఉంది. అయితే దానికి షరతులున్నాయి, రానిచ్చేదీ లేనిదీ అక్కడి అధికారి నిర్ణయం. పెద్దవాళ్లతో, చిన్నపిల్లాడితో వెళ్తూ కౌంటర్ దగ్గర ఆ టెన్షన్ ఎందుకు? మామూలు వీసా తీసుకోండి. పాస్‌పోర్టులకి కనీసం ఆరు నెలల గడువుండాలి. దిగే ముందు మూడు రోజుల లోపు అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఉచితం, డబ్బడిగే సైట్ల జోలికి పోకండి. హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ వరకు మొత్తం ఒకే టికెట్‌గా తీసుకోండి. చవకని రెండు వేర్వేరు టికెట్లు కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం మీదే.

24 గంటలు దాటి ఆగితే పెట్టెలన్నీ సింగపూర్‌లో చేతికొస్తాయి. ఆరుగురి సామాను మామూలు టాక్సీలో పట్టదు, అది నలుగురికే. మ్యాక్సీక్యాబ్ అని పెద్ద బండి ముందే చెప్పుకోవాలి. లేదా పెద్ద పెట్టెలు చాంగీలోనే లగేజీ కౌంటర్‌లో డబ్బు కట్టి ఉంచేయొచ్చు. నేనైతే ఇదే చెప్తాను, ఎందుకంటే మెల్‌బోర్న్‌లో మే అంటే చలి మొదలైపోతుంది, ఆ స్వెటర్ల పెట్టెలతో సింగపూర్ ఉక్కలో పని లేదు. సింగపూర్ బట్టలు, గొడుగులు, మందులు ఒక చిన్న సంచిలో వేరుగా సర్దుకోండి. ఇన్సులిన్ ఎప్పుడూ చేతిసంచిలోనే, డాక్టరు చీటీతో. కింద సామాన్లలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు.

అత్తగారు కూతురికోసం సర్దే డబ్బాల గురించి మీరు రాయలేదు. కానీ ఉంటాయి కదా. గసగసాలు, గసగసాలు వేసిన మసాలా పొడి సింగపూర్‌లోకి తీసుకెళ్లకండి. అక్కడి మాదకద్రవ్యాల శాఖ అనుమతి లేకుండా గసగసాలు తేకూడదు, మన వంటింటి దినుసని వాళ్లు చూడరు. చూయింగ్ గమ్ కూడా అంతే, పాప సంచి ఒకసారి చూడండి. ఇక ఆస్ట్రేలియాలో కోవా లాంటి పాల మిఠాయిలు, పచ్చి కరివేపాకు రానివ్వరు. ఆవకాయతో సహా తినే వస్తువు ఏది ఉన్నా దిగేటప్పుడిచ్చే కార్డులో ఉందని రాయాలి. రాస్తే మహా అయితే తీసి పారేస్తారు. దాచి దొరికితే జరిమానా. ఈ మాట అత్తగారికి మీరు చెప్తే కోడలు వద్దంది అవుతుంది. మీవారి చేత చెప్పించండి.

పది రోజుల గడువులో మొదటి రెండు రోజులు అత్తగారితో మాట్లాడటానికి ఉంచుకోండి. తర్వాత ఏజెంటుని మూడు ధరలు అడగండి: దిగకుండా, వెళ్లేటప్పుడు ఒక రాత్రి ఆగితే, వచ్చేటప్పుడు ఆగితే. కొన్ని టికెట్లలో ఆగడానికి అదనంగా ఏమీ ఉండదు, కొన్నిట్లో మనిషికి ఇంతని వేస్తారు, ఆరుగురికి కలిపితే పెద్ద తేడా వస్తుంది. పెద్దవాళ్ల తిరుగు టికెట్ తేదీ వేరు కాబట్టి వాళ్లది విడిగా రాయించి, వీల్‌చైర్ రెండు వైపులా పెట్టించండి. ఆ మూడు అంకెలు, పేర్లు రాసిన పనుల కాగితం ఒకచోట పెట్టి, ఒక ఆదివారం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టండి. మాట్లాడటం మామగారి దగ్గర మొదలుపెట్టండి.